అంబాసిడర్ తొలి పరుగు

సుదర్శన్ సార్ తాళంచెవి అందుకుని తన పాత అంబాసిడర్ బానెట్ మీద చరిచాడు. దానికి రేసు ఇంజన్ కట్టింది నేనే. సిలిండర్లు బోరు కొట్టించి పెద్ద పిస్టన్లు వేశాను, కార్బురేటర్లు రెండు పెట్టాను.

"మానుకోట దాక ఎవ్వడన్న నన్ను దాటుతడారా? ఏంది, నోట్లె నాలిక లేదా?"

తల దించుకున్నాను. కొత్త పిస్టన్లు కుదురుకునే దాకా మెల్లగా నడపాలి, లేకపోతే వేడికి బిగుసుకుపోయి ఇంజన్ పాడవుతుంది. బండి ఇచ్చేటప్పుడు ఏ మెకానిక్కయినా ఈ మాట చెప్తాడు. నేను చెప్పదలచుకోలేదు. నాకు సిగ్గని అందరికీ తెలుసు, ఎవరూ తప్పు పట్టరు.

పోయినేడాది నాయిన ఈయన దగ్గరే డ్రైవరు. బండి మెల్లగా తోలాడని కొడకండ్ల బస్టాండులో అందరూ చూస్తుండగా నాయినను చెంప మీద కొట్టాడు. ఆ రోజు నుంచి నాయిన స్టీరింగు ముట్టలేదు. ఆ సంగతి ఎత్తనూ లేదు.

సార్ స్టార్ట్ చేశాడు. నా ఇంజన్ ఎంత బాగా పలికిందంటే, దాన్ని చేజేతులా పాడుచేసుకోవడం ఇక నా వల్ల కాలేదు.

"సార్, జర..." అంటూ ముందుకు పోయాను.

షెడ్డు మూల నుంచి లేచి వచ్చిన నాయిన నా భుజం పట్టుకున్నాడు.

"పోరడు ఏమంటున్నడంటే సార్," అన్నాడు నవ్వుతూ, "ఊరు దాటంగనే ఫుల్లు తొక్కుండ్రి. దాని దమ్ము అప్పుడే తెలుస్తది."

"గది మాట!"

అంబాసిడర్ దుమ్ము లేపుకుంటూ వెళ్లింది. నాయిన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"జరసేపట్ల ఫోన్ వస్తది," అన్నాడు. "ఎత్తకు."