గంట ప్రయాణం

ఏడ్చి ఏడ్చి బిడ్డ ఊపిరి తీసుకోవడం మరిచిపోతాడేమో. రాజశ్రీకి అన్నిటికన్నా పెద్ద భయం అదే. వాడి గుండెలో చిల్లుందని తెలిసినప్పటి నుంచి, వాడు గుక్కపట్టినప్పుడల్లా ఆమె వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది.

హైదరాబాదులో పెద్ద డాక్టరు రేపు మధ్యాహ్నం వరకే చూస్తాడు. ఆ తర్వాత విదేశం వెళ్ళిపోతే నెలదాకా రాడు. రైలంటే రాత్రంతా జనం, కుదుపులు. అందుకే భర్త దేవీప్రసాద్ పొద్దుటి విమానానికి మూడు టిక్కెట్లు తెచ్చాడు. అతని తల్లి అప్పలకొండమ్మ అడ్డం తిరిగింది.

"గాల్లో పసోడికి ఏటైనా అయితే ఎక్కడ దింపుతావురా పెసాదూ?"

"గంటేనమ్మా. నువ్వు మన తుమ్మపాల నుంచి బజారుకెళ్ళి వచ్చేలోపు మేం అక్కడుంటాం."

"అయితే మీ ఇమానం మీరే ఎక్కండి. నాను రాను."

ఎంత బతిమాలినా వినలేదు. సంచిలో చీరొకటి కుక్కుకుని ఆ సాయంత్రమే గుమ్మం దాటింది. దేవరాపల్లిలో కూతురింటికి పోయుంటుందిలే అన్నాడు దేవీప్రసాద్. మనవడి తలమీద చెయ్యయినా వెయ్యకుండా పోయిందని రాజశ్రీ కళ్ళు తుడుచుకుంది.

తెల్లారి విశాఖలో మంచు. విమానం ఆలస్యంగా లేచింది. లేచాక మాత్రం రాజశ్రీ భయపడడం మరిచిపోయింది. కింద చెరుకు తోటలు గళ్ళచీర పరిచినట్టున్నాయి. అంత పెద్ద ఇనుప పిట్ట ఒక్క కుదుపైనా లేకుండా పోతోంది. పాలు తాగుతూ నిద్రపోయిన బాబు హైదరాబాదులో దిగేదాకా లేవలేదు. దీన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో, వాళ్ళమ్మ కడుపు చల్లగుండాలనుకుంది.

ఆసుపత్రి ఎయిర్‌పోర్టు పక్కనే, బేగంపేటలోనే అంటూ దేవీప్రసాద్ టాక్సీ ఎక్కాడు. డ్రైవరు నవ్వాడు.

"అది పాత ఎయిర్‌పోర్టు అన్నా. బేగంపేటది మూసిన్రు. గీడికెళ్ళి గంటన్నర పడ్తది."

దేవీప్రసాద్ విమానం ఎంతసేపు ఎగురుతుందో లెక్కేశాడు గానీ, ఎక్కడ దిగుతుందో అడగలేదు.

ఆసుపత్రికి చేరేసరికి గుమ్మం దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. చీటీలు పొద్దుగాలనే అయిపోయాయట, డాక్టరు లేవబోతున్నాడట, వచ్చే నెల రమ్మన్నాడు. ఆ గోలకి బాబు లేచి ఏడుపందుకున్నాడు. గుక్కపట్టాడు. పెదాలు నల్లబడ్డాయి. రాజశ్రీ వాడి మొహం మీద ఊదుతూనే ఉంది.

లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చి బిడ్డను లాక్కుంది. వీపు మీద గట్టిగా తట్టింది. వాడు కెవ్వుమన్నాడు, ఊపిరి ఆడింది.

రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో నిలబడి వచ్చి, చీకటితోనే మనవడి పేర చీటీ తీసుకుని, తన వంతు వచ్చినప్పుడల్లా వెనకవాళ్ళను ముందుకు పంపుతూ డాక్టరు తలుపు వదలకుండా కూర్చుని, ఆ ఏడుపు విని లేచొచ్చిన అప్పలకొండమ్మ, ఆ చీటీ నర్సు చేతిలో పెట్టి కోడలివైపు తిరిగింది.

"మీది గంట పెయాణమే గదా అమ్మీ, ఇంతసేపేటి?"

బాబును లోపల చేర్చుకున్నారు. అప్పలకొండమ్మ ఇంకా ఆసుపత్రి మెట్ల మీదే ఉంది. మీరటు వెళితే, ఏమైనా తిన్నదో లేదో కాస్త కనుక్కోండి.