అత్తరు బట్టీలో ఇంజన్లు

గురువారం ములాఖత్ రోజు. జైలు గేటు ముందు వరుసలో రాద్కా నిలబడింది. చేతిసంచిలో రొట్టె, ఉప్పు జున్ను, కాల్చిన మిరపకాయలు ఉన్నాయి.

"మేజరుగారి పెళ్ళాం దేశద్రోహికి తిండి మోస్తోంది, చూడవే," అంది వెనకనున్న ఒకావిడ.

"ఊరుకోవే. వీళ్ళ పెద్దాడి విమానం కూలినప్పుడు మంటల్లోకి దూరి శవాన్ని తెచ్చింది వాడేగా. ఆ మేలు మరిచిపోలేక వస్తోంది, పాపం."

రాద్కా వెనక్కి తిరగలేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన బల్గేరియాకి సైనిక విమానాలు ఉండకూడదన్నది గెలిచినవాళ్ళ షరతు. అందుకే ఊరి చివరి మైదానానికి 'టపా విమానాల బడి' అని బోర్డు కట్టి, లోపల సైన్యానికి పైలట్లను తయారుచేసేవారు. గెలిచిన దేశాల తనిఖీవాళ్ళు వస్తున్నారని తెలిస్తే చాలు, మెకానిక్ స్తామెన్ పెద్ద ఇంజన్లన్నీ విప్పేవాడు. అతనూ, బడి అధికారి మేజరు వాల్కో కలిసి వాటిని ఎద్దుబండి మీద గులాబీ అత్తరు బట్టీకి చేర్చి, ఎండుగడ్డి కింద దాచేవారు. మూడోవాడిని దగ్గరికి రానిచ్చేవారు కారు. అత్తరు వాసన కొట్టే మేజరు కోటుకి అంటిన గడ్డిపరకల్ని తెల్లారి రాద్కా దులిపేది.

కిందటేడు తనిఖీవాళ్ళు మైదానం వైపు చూడనైనా లేదు. తిన్నగా బట్టీకే వెళ్ళారు. ఇంజన్లను సుత్తులతో బద్దలు కొట్టించారు. విమానాలను తగలబెట్టించారు. బడి మూతపడింది.

తాను చెప్పలేదని మేజరు శిలువ ముట్టుకుని ప్రమాణం చేశాడు. ఇక మిగిలింది స్తామెన్. అయిదేళ్ళు వేశారు.

ఆ శరత్కాలంలో బడిలో చేరాల్సిన రాద్కా చిన్నకొడుకు లుకాన్ ఇప్పుడు రైల్వేస్టేషన్లో టికెట్లు ఇస్తున్నాడు.

"నా రెక్కలు విరిచింది వాడు. వాడికి నువ్వు రొట్టెలు కాలుస్తున్నావు. అన్నయ్య బతికుంటే నీ మొహం చూసేవాడు కాదమ్మా," అన్నాడు ఇవాళ పొద్దున.

రాద్కా వాడి కోటుకి ఊడిపోయిన గుండీ కుట్టింది.

ములాఖత్ గదిలో ఇనుప జాలీ అవతల స్తామెన్ ఇంకా చిక్కిపోయాడు. మంటల్లో కాలి ముడుచుకుపోయిన కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని, జాలీ కింది సందులోంచి ఎడంచేత్తో రొట్టె అందుకున్నాడు.

"మళ్ళీ వచ్చావా చెల్లెమ్మా? మేజరుగారు కోప్పడలేదూ?"

"ఆయన నన్నేమీ అనడు. అసలు నాతో మాట్లాడడు."

"కోర్టులో కూడా నా మొహం చూడలేకపోయాడు. ఎక్కడో తాగి నోరుజారి ఉంటాడు. పోనీలే, నాకు కోపం లేదు."

"ఆయన తాగడన్నా," అంది రాద్కా మెల్లగా.

స్తామెన్ కాసేపు దగ్గాడు. తర్వాత సిగ్గుపడుతూ అన్నాడు. "మా యానాకి పెళ్ళి కుదిరింది. చర్చిలో పిల్ల పక్కన పెళ్ళిపెద్దగా నిలబడటానికి మాత్రం ఒక్కరూ ఒప్పుకోవట్లేదు. దేశద్రోహి కూతురు కదా. నువ్వు నిలబడతావా?"

రాద్కా చేతిసంచి సర్దుకుంది. "నేను తగనన్నా. ఇంకెవర్నైనా చూడు."

"నువ్వు తగకపోతే ఈ ఊళ్ళో ఎవరు తగుతారు? నా పెళ్ళామే ఒకసారి అడిగింది, 'నిజం చెప్పు, నువ్వేనా' అని. నువ్వు ఒక్కనాడూ అడగలేదు. నన్ను నమ్మింది నువ్వొక్కదానివే."

ఆమె జాలీని గట్టిగా పట్టుకుంది. "అన్నా, నీకో మాట చెప్పాలి..."

"టైమైపోయింది," అన్నాడు వార్డరు.

"చెప్పు చెల్లెమ్మా."

స్తామెన్ కళ్ళలో ఎంతో ఆశ. ఆమె చూపు దించుకుంది.

"నిలబడతాను," అంది.

అతను వంగి, జాలీలోంచి తన వైపుకి వచ్చిన ఆమె వేళ్ళని ముద్దుపెట్టుకున్నాడు.

బడిలో చేరబోయేవాళ్ళ జాబితాలో లుకాన్ పేరు చూసిన మధ్యాహ్నం, తనిఖీవాళ్ళు దిగిన హోటలుకి నడిచి వెళ్ళి, అత్తరు బట్టీలో గడ్డి తీసి చూడమని చెప్పి వచ్చింది రాద్కాయే.