రెండో శనివారం

"ఆపుండ్రి పంతులుగారూ. గా తారీఖు రాయకుండ్రి."

వినయ్ గొంతుకు హాలంతా ఉలిక్కిపడింది. లగ్నపత్రిక నాలుగు మూలలా పసుపు అద్ది, కలం తెరిచిన భానుమూర్తి పంతులు చేయి గాల్లోనే ఆగిపోయింది. ఎల్బీనగర్‌లోని ఆ ఇల్లు పెళ్లికూతురు స్వప్నది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మగపెళ్లివాళ్లు పళ్లేల నిండా పండ్లూ, చీరా తెచ్చి ఇప్పుడిప్పుడే కూర్చున్నారు. అంతా సవ్యంగా జరుగుతున్న వేళ సాక్షాత్తూ పెళ్లికొడుకే లేచి నిలబడ్డాడు.

"ఏమైందిర?" అన్నాడు తండ్రి లింగస్వామి.

వినయ్ చేతిలోని ఫోన్ చూపించాడు. "కార్ల రేసుల సీజన్ క్యాలెండర్ ఇప్పుడే ఒదిలిండ్రు. ఇరవై నాలుగు గంటల రేసు ఎప్పుడైనా మే నెల రెండో శనివారం ఉంటది. నేను చూడవట్టిన కాడికెల్లి గంతే. ఈసారి మొదటి శనివారానికి గుంజిండ్రు. మనం ముహూర్తం పెట్టుకున్న రోజే."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పెండ్లికి రేసుకు ఏం సంబంధమమ్మా" అని ఒక మేనత్త గొణిగింది. వినయ్‌కి ఒళ్లు మండిపోయింది. ఏడాది పొడుగునా అతను ఎదురుచూసేది ఆ ఒక్క రేసు కోసమే. పగలూ రాత్రీ ఆగకుండా పరుగెత్తే ఆ కార్లను కునుకు తీయకుండా, టీవీ ముందు నుంచి కదలకుండా చూస్తాడు. పుట్టినరోజు మరిచిపోయినా ఏమీ అనుకోడు గానీ, ఆ రోజు జోలికి ఎవరొచ్చినా ఊరుకోడు.

"ఏదో ఫుట్‌బాల్ మ్యాచ్ అడ్డమొస్తదంట. టీవీలోళ్లు అడిగిండ్రంట, వీళ్లు మార్చిండ్రంట. ఏండ్ల సంది చూసెటోళ్లను ఒక్కమాట అడిగిండ్రా? మేం మనుషులం కామా?"

రేసు నిర్వాహకుల మీది కోపమంతా ఎదురుగా కూర్చున్నవాళ్ల మీద కుమ్మరించాడు.

"కార్లు గుండ్రంగ తిరుగుడు చూసేటందుకు పెండ్లి ఆపుతవార? దిమాగ్ ఖరాబైందా?" లింగస్వామి పళ్లు కొరికాడు.

"ఆపుమంటలేను నాయినా. మార్చుమంటున్న. పంతులుగారు మాఘమాసంల ఇంకోటి చెప్పిండ్రు గద. అది పెట్టుండ్రి."

భానుమూర్తి కళ్లజోడు సర్దుకున్నాడు. ఆయనది గోదావరి జిల్లా. ఇక్కడికొచ్చి ఎన్నేళ్లయినా మాట మారలేదు. "మాఘంలోది ఇంకా మంచిది బాబూ. నేనూ అదే చెప్పాను. ఆడపెళ్లివారే మేలో కావాలన్నారు. ఆ మే ముహూర్తం దాటితే మూఢం వచ్చేస్తుంది. ఇక ఇప్పట్లో ముహూర్తాలుండవు."

వినయ్ పెళ్లికూతురి తండ్రి దశరథ వైపు తిరిగాడు. "ఎందుకు మామా? మాఘం వద్దని ఎవరన్నరు?"

"పిల్ల గదే తారీఖు కావాలన్నది బాబు. ఎందుకో నాకు సుత చెప్పలె."

"గదే మరి. ఆమె ఏదంటె అదే కావాలె. పాస్‌పోర్ట్ ఫోటో పంపుమంటె పంపిన, ఎందుకని అడగలె. ఫంక్షన్ హాలు ఎల్బీనగర్‌లనే అంటె సరేనన్న. నాకేం ఇష్టమో ఆమె ఒక్కపారన్న పట్టించుకున్నదా? పెండ్లిచూపుల నాడు గంటసేపు గీ రేసు గురించే చెప్పిన. ఒక్కమాటన్న చెవికెక్కితే కద."

లోపలి గది గుమ్మంలో స్వప్న వచ్చి నిలబడిందని అప్పుడు చూశాడు. చూసి కూడా ఆగలేదు. కోపం నసాళానికంటిన మనిషికి ఎదురుగా ఎవరున్నారన్నది పట్టదు.

"ఆ రోజైతె నేను పీటల మీద కూసోను. ఖతం."

"అయ్యో బాబూ, అసలా అమ్మాయి..." అనబోయాడు భానుమూర్తి. స్వప్న ఆయన వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

ఆమె వచ్చి ఆయన చేతిలోంచి కలం తీసుకుంది. మూత పెట్టి పళ్లెంలో పడేసింది.

"రాయకుండ్రి పంతులుగారూ. ఈయన ఇష్టాలు నాకు పట్టవంట. అసుంటిదాన్ని చేసుకొని ఆయన బాధపడుడెందుకు?"

దశరథ కూతుర్ని బతిమాలాడు. లింగస్వామి రెండు చేతులూ జోడించాడు. ఆమె వినలేదు. వాళ్లు తెచ్చిన చీరను మడత కూడా విప్పకుండా లింగస్వామి చేతుల్లో పెట్టి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

"మంచిగైంది" అంటూ వినయ్ దబదబా మెట్లు దిగాడు. గేటు ముందు నిలబడి ఫోన్‌లో ఆ క్యాలెండర్ మళ్లీ తెరిచాడు. తారీఖు మారలేదు. ఆ రేసు నిర్వాహకులను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాడు.

వెనకాలే భానుమూర్తి సంచీతో దిగి వచ్చాడు. స్కూటర్ తాళం తీస్తూ, "పైన చెప్పలేకపోయాను. నాతో ఒట్టు వేయించుకుంది" అన్నాడు. "ఇప్పుడిక ఆ ఒట్టుతో పనేముంది."

"మీరు సుత నాదే తప్పంటరా పంతులుగారూ?"

"తప్పొప్పులు నాకెందుకు బాబూ. మాఘంలో పెడదామంటే ఆ పిల్ల మా ఇంటికొచ్చి మరీ బతిమాలింది. మే మొదటి శనివారమే కావాలంది."

"గదే ఎందుకంట?"

భానుమూర్తి స్కూటర్ స్టార్ట్ చేశాడు.

"పెళ్లయిన వారానికి ఏదో కార్ల రేసుందట. నిన్ను దాని దగ్గరికే తీసుకెళ్లి కూర్చోబెడతానని, పీటల మీద నీ చేతిలో పెట్టడానికి ఇద్దరికీ విమానం టికెట్లు కొని దాచుకుందయ్యా."