మల్లిగాడు ఏ గడిలోకి వస్తాడు?

సంత చీటీలో సగం లేదు.

"ఎలుకలు కొట్టాయా?" అంది ఆడిటర్ శోభారాణి.

"లేదు మేడం. మా మల్లిగాడు తినేసినాడు," అంది కదిరమ్మ, వాడేదో బడిలో ఫస్టొచ్చినట్టు.

మల్లిగాడు పొట్టేలు. తినేసింది వాణ్ని కొన్న చీటీనే.

పక్కనున్న మొగుడు పోతులయ్య మొహం తిప్పుకున్నాడు. తను వంగితే చాలు, వెనకనుంచి వచ్చి కుమ్ముతాడు ఆ పొట్టేలు వెధవ.

సంతనుంచి తెచ్చినప్పుడు వాడు పిడికెడు పిల్ల. పెళ్లయిన కొత్తలో పుట్టబోయే బిడ్డకని మురిపెంగా కొని, అటకమీద పెట్టేసిన పాలసీసా ఒకటుంటే, కదిరమ్మ దించి కడిగి వాడికి పట్టింది. ఆ సీసాతో పని పడడం అదే మొదలు.

గొర్రెల కొట్టానికి బ్యాంకు లోను కావాలంటే, ఏడాదిలో వచ్చిన డబ్బూ పోయిన డబ్బూ మూడు గడుల్లో చూపించాలట. అందుకే చిలమత్తూరులో బస్సెక్కి హిందూపురం వచ్చారు.

"అమ్మడానికి కొన్నవి వ్యాపారం గడిలో. మందలో ఉండి పిల్లల్నిచ్చేవి పెట్టుబడి గడిలో. అప్పులు మూడో గడి. ఈ పొట్టేలు ఎందులో?"

"అమ్మేదే మేడం," అన్నాడు పోతులయ్య.

అనక ఏం చేస్తాడు? సోమవారం తోలుకొస్తానని పెనుకొండ మటన్ కొట్టతని దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడాయె. ఇంట్లో చెప్పే ధైర్యమే ఇంకా చిక్కలేదు.

"ఎవురు చెప్పినారు అమ్మేదని?" అంది కదిరమ్మ. "మందకని పెట్టుకున్న పొట్టేలు మేడం. పెట్టుబడిలో రాయండి."

"పిల్లలున్నాయా దీనికి?"

"మందలో ఉండేవన్నీ వానివే."

పోతులయ్యకు పొలమారింది. మల్లిగాడికి విత్తులు కొట్టించి, పిల్లలు పుట్టకుండా చేయించింది తనే. ఆ పూట వాడి తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది ఈ మహాతల్లే.

"బ్యాంకోళ్లు వచ్చి చూస్తారమ్మా. అబద్ధమైతే లోను రాదు. ఏమప్పా, నువ్వు చెప్పు. వ్యాపారమా, పెట్టుబడా?"

కదిరమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ మొగుడి వంక చూసింది.

పోతులయ్య ఆ సగం చీటీని వేలితో చూపించాడు.

"యాడా రాయొద్దు మేడం. ఆ చీటీ చింపేయండి."

"మరి వాణ్ని కొన్న దుడ్లు?"

"ఇంటి ఖర్చు. వాడు ఇంట్లోవాడు."

శోభారాణి ఇద్దర్నీ చూసి, చీటీ చింపి బుట్టలో వేసింది.

బయటికొచ్చాక పోతులయ్య పక్కకు పోయి పెనుకొండకు ఫోన్ చేశాడు. అడ్వాన్సు వాపసిస్తానన్నాడు. అవతలివాడి తిట్లు రోడ్డుమీదికి వినబడ్డాయి.

కదిరమ్మ ఏమీ విననట్టే బేకరీ ముందు ఆగి, బిస్కెట్ ప్యాకెట్ అందుకుంది.

"అది కాదు," అన్నాడు పోతులయ్య. "క్రీముది తీస్కో. మల్లిగాడు సాదావి తినడు."

కదిరమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నీకెట్ల తెలుసు?"

పోతులయ్య బస్సొస్తోందేమోనని అటు తిరిగి చూస్తూ నిలబడ్డాడు.