బొద్దింక బిస్కెట్లు

ముందు వాంతి సంగతి రాయవే, మనవరాలా. మీ మావయ్య ఇంట్లో గొడవంతా అక్కడే మొదలైంది.

మూడో బిస్కెట్ మింగేసరికి వాడికి వాంతొచ్చింది. సింకు పట్టుకుని వంగిపోయాడు. నోరు పుక్కిలించి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ బల్ల ముందు కూర్చుని రాశాడు: "నాలుక మీద తడిసిన గోనెసంచి. పళ్ళ సందుల్లో కాళ్ళు."

రాయక చస్తాడా? రెండొందల ఏళ్ళ తరవాత మనుషులు బొద్దింకల పిండి తిని బతుకుతారని నవల రాశాడు. సంపాదకుడేమో, నువ్వు వాటిని తిన్నట్టు లేదు, పెళ్ళిభోజనం చేసినట్టుంది అన్నాడు. సాయంత్రంలోగా ఆ పేజీ మార్చకపోతే నవలే వద్దన్నాడు. ముందురోజే మీ మావయ్య ఏదో ప్రయోగశాల నుంచి బొద్దింక బిస్కెట్లు తెచ్చి, వంటగదిలో నీలం డబ్బాలో పోసుంచాడు.

సాయంత్రం మీ అత్తయ్య ఆఫీసు నుంచి వచ్చేసరికి సంపాదకుడు ఫోన్ స్పీకర్లో ఆ పేజీ పైకి చదివి మురిసిపోతున్నాడు. మీ అత్తయ్య ముక్కు మూసుకుంది.

"ఛీ, ఏ పెంట తిన్నారండీ?"

"నీలం డబ్బాలోవే."

ఆవిడ మొహం మాడిపోయింది. "మీ బొద్దింకల్ని పొద్దున్నే కవర్లో కట్టి చెత్తబుట్టలో పడేశాను. డబ్బా మూడుసార్లు తోమి నేను చేసిన బిస్కెట్లు పోశాను."

ఫోన్లో సంపాదకుడు ఊరుకోవచ్చుగా. "అమ్మా, ఎలా చేశారో చెప్పండి, నవల చివర వేద్దాం" అన్నాడు.

అదంతా ఊహేనని మీ మావయ్య కాళ్ళావేళ్ళా పడ్డాడు. సింకు వాసన చూసిన మనిషి నమ్ముతుందా?

"ఊహకి వాంతవుతుందా?" అని బట్టలు సర్దుకుని అక్క ఇంటికి వెళ్ళిపోయింది. వారమైంది. వాడు తిండి మానేసి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. నవల అచ్చుకెళ్ళిందన్న సంతోషం కూడా లేదు.

ఇక్కణ్ణించి నిదానంగా రాయి. ఇదంతా మీ అత్తయ్యకి ఫోన్ చేసి చదివి వినిపించు. చివర నా మాటగా ఇలా చెప్పు: అమ్మా కోడలా, నీ బిస్కెట్లు అమృతం. షుగరని నువ్వు నాకొక్కటీ పెట్టలేదు. నువ్వటు ఆఫీసుకి వెళ్ళగానే అన్నీ నేనే తినేసి, డబ్బా ఖాళీగా కనపడితే దొరికిపోతానని, చెత్తబుట్టలో కవరు విప్పి అందులో ఉన్నవి పోశాను.