తీసేసిన టిక్కు

"మళ్ళీ ఆ అమ్మాయేనా?" మంచం మీద నుంచే అడిగింది అబిగయీలు.

టైటస్ ఫోన్ జేబులో వేసుకున్నాడు. "ఆ, రొయ్యల హేచరీలో చేసే ప్రత్యూషే. కంప్యూటర్ మళ్ళీ మొరాయిస్తా ఉండాదంట. ఒక బిల్లు సేవ్ చేసేలోపల టీ తాగి రావచ్చంట. పోయొస్తా."

"మొన్ననే కదా పోయినావు?"

"ఏం చేసేది? నేను తప్ప ఇంకెవరూ వద్దంటది." చెప్పులు తొడుక్కుంటూ నవ్వాడు. "భలే హుషారైన పిల్ల."

ఆ నవ్వు అబిగయీలుకు నచ్చలేదు.

ఎండాకాలంలో పురిట్లోనే బిడ్డ పోయినప్పటి నుంచి ఆమె మంచం దిగడం మానేసింది. వాకాడు బజారులో మొగుడూ పెళ్ళాం కలిసి కంప్యూటర్ షాపు పెట్టారు. విప్పి బిగించే పని అతనిది, సాఫ్ట్‌వేర్ పని ఆమెది. ఇప్పుడు రెండూ అతని నెత్తినే పడ్డాయి. ఆమె చర్చికి పోవడం లేదు. తల దువ్వుకోవడానికి కూడా ఓపిక ఉండడం లేదు. గోడవైపు తిరిగి పడుకునే పెళ్ళాంతో ఏ మొగుడు మాత్రం ఎన్నాళ్ళు వేగుతాడు? హుషారైన పిల్ల ఎదురుపడితే కళ్ళు మూసుకుంటాడా?

దుప్పటి తీసి లేచింది. "నేనూ వస్తా."

"నువ్వెందుకులే? పడుకో."

ఆ మాటతో అనుమానం గట్టిపడింది. అద్దం ముందు నిలబడి, చిక్కులు తీసుకుని జడ వేసుకుంది. బీరువాలో అడుగున ఉన్న నీలం చీర లాగి కట్టుకుంది.

హేచరీ సముద్రం ఒడ్డునే ఉంది. రొయ్యపిల్లల తొట్లకు నీళ్ళు తోడే మోటార్లు హోరుమంటున్నాయి. "రా టైటసన్నా!" అంటూ ప్రత్యూష ఎదురొచ్చింది. ఆ 'అన్న' పైపైకే అనుకుంది అబిగయీలు. ఆ పిల్ల చేతులకు చుడీదారు రంగులోనే గాజులున్నాయి. బిల్లులు కొట్టే పనికి అంత ముస్తాబు దేనికో!

అబిగయీలు ఎవరినీ అడక్కుండా కుర్చీలో కూర్చుని మౌసు అందుకుంది. డివైస్ మేనేజర్ తెరిచి, డిస్కు పేరు మీద నొక్కి, పాలసీలు ఉండే చోటికి పోయింది. 'రైట్ క్యాషింగ్' అని ఉన్న చోట టిక్కు లేదు.

"ఇది చూడలేదా నువ్వు?" మొగుణ్ణి అడిగింది.

"అదేంది?" టైటస్ తల గోక్కున్నాడు.

"ఇది పెట్టినామంటే, రాయాల్సిందంతా ముందు మెమరీలో పెట్టేసుకుని, డిస్కు మీద తర్వాత తీరిగ్గా రాసుకుంటది. లేదంటే ప్రతి ముక్కా డిస్కులో పడేదాకా మనల్ని నిలబెడతది. ఠక్కున కరెంటు పోతే మెమరీలో ఉండేది పోతది, అదొక్కటే భయం. ఇక్కడ యూపీఎస్ ఉండాది కదా, పర్లేదు."

టిక్కు పెట్టింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసి చూసింది. టిక్కు అలాగే ఉంది. బిల్లు రెప్పపాటులో సేవ్ అయింది.

ప్రత్యూష చప్పట్లు కొట్టింది. "అబ్బ, ఏం చెయ్యక్కా నీది!"

అబిగయీలు నవ్వలేదు. ఆ పిల్ల ఇచ్చిన టీ ముట్టుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బండి మీద టైటస్ దిగులుగా అన్నాడు. "బాగైపోయిందిగా, ఇంక మనల్ని పిలవదేమో."

మర్నాటి నుంచి అబిగయీలు షాపులో కాపలా కూర్చుంది. ఫోన్ మోగితే తనే ఎత్తింది. మధ్యాహ్నం అతను ఎటూ జారుకోకుండా క్యారియర్ తెచ్చి ఎదురుగా కూర్చుని తింది. ఊరికే కూర్చోలేక రెండు మూడు ప్రింటర్లు కూడా బాగుచేసింది. హేచరీ నుంచి మాత్రం పిలుపు రాలేదు. ఇంతలో ముసురు పట్టింది. కాపలా కాయడానికి ఏమీ లేక, ఆమె మళ్ళీ మంచం ఎక్కి గోడవైపు తిరిగింది.

వాన తెరిపిచ్చిన రోజు పొద్దున టైటస్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సెంటు కొట్టుకున్నాడు.

"హేచరీలో మళ్ళీ అదే రోగమంట. నువ్వు లేవొద్దు, నేనొక్కణ్ణే పోతా."

బండి చప్పుడు వీధి మలుపు తిరగ్గానే అబిగయీలు లేచింది. ముఖం కడుక్కుని, చీర మార్చుకుని ఆటో ఎక్కింది. దారి పొడుగునా పళ్ళు కొరుకుతూనే ఉంది.

హేచరీ ముందు అతని బండి లేదు. ప్రత్యూష ఒక్కతే ఉంది.

"ఏడీ ఆయన?"

"ఈరోజు రాలేదక్కా."

అబిగయీలు నమ్మలేదు. తొట్ల వెనకా, మోటార్ల గదిలోనూ వెతికింది. ఎవరూ కనిపించలేదు. వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. టిక్కు లేదు.

"ఇది దానంతటది పోయేది కాదు. ఎవరు తీసినారు?"

ప్రత్యూష తల వంచుకుంది.

"నువ్వే కదా? మా ఆయన్ని రప్పించుకునేదానికే కదా?"

"తీసింది నేనేనక్కా. కానీ..."

బల్ల మీద ఫోన్ మోగింది. టైటసన్న అని పేరు పడింది. ప్రత్యూష అందుకోబోయేలోగా అబిగయీలు లాక్కుని, మాట్లాడొద్దని వేలు చూపించి, స్పీకర్ నొక్కింది.

"పాపా, టిక్కు తీసేసినావు కదా?" టైటస్ గొంతు ఆత్రంగా ఉంది.

అబిగయీలు సౌండు పెంచింది.

"చెప్పమ్మా, మా అబిగయీలు మంచం దిగి వచ్చిందా?"