పేరు పెట్టని భాగాలు

ఇద్దరిలో ఒకరిని నెలాఖరుకి తీసేయాలని పైనుంచి మాట వచ్చింది. డిజైన్ గదిలో ఉన్నదే ఇద్దరు. ఒకరు అతను. రెండో మనిషి సర్దుడమ్మ.

ఆ పేరు అతను పెట్టిందే. సీసాలకి మూతలు బిగించే యంత్రాన్ని ఇద్దరూ చెరిసగం పంచుకుని కంప్యూటర్లో గీస్తున్నారు. ఆమె సగంలో ప్రతి స్కెచ్‌కీ, అంటే గీసిన ప్రతి గీతల బొమ్మకీ, పేరుంటుంది. మూతలు జారే గొట్టం ఒక కాంపోనెంటు, అంటే విడి భాగం; దాని గీతలన్నీ దాని కిందే. మోటారు దిమ్మ ఇంకొకటి, దాని బోల్టులు దాంట్లోనే. కొత్తవాడు తెరిచినా తడుముకోనక్కర్లేదు.

అతని సగం తెరిస్తే స్కెచ్ 1, స్కెచ్ 2 అంటూ సాఫ్ట్‌వేర్ పెట్టిన పేర్లే చాంతాడంత ఉంటాయి. ఏది ఏ భాగానిదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. తెలియక ఒక్క గీత చెరిపితే చాలు, స్క్రీన్ మీద సగం యంత్రం తప్పులు చూపిస్తూ ఎర్రబడి మొరాయిస్తుంది. అతనికి మాత్రం అన్నీ తెలుసు. తెలివంటే ఇదీ అని మురిసిపోయేవాడు.

“కాస్త పేర్లు పెట్టి సర్దండి. పోనీ, నన్ను సర్దమంటారా?” అని ఆమె ఒకసారి అడిగింది.

“ముట్టుకున్నావంటే ఊరుకోను. పేరు పెట్టామంటే పని పోయినట్టే. నీకు ఈ పని నేర్పినవాణ్ణి, నా మాట విను.”

“మీ బుర్రా ఇంతే, మీ బీరువా ఇంతే!” అని నవ్వింది.

పని నేర్పిన మాట నిజం. ఇప్పుడు తనకంటే బాగా చేస్తోందన్న మాటా నిజం. ఆ రెండో నిజమే అతనికి మింగుడుపడేది కాదు.

నెలాఖరు రోజు మేనేజర్ అతన్ని ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు.

“నాకైతే ఆవిడ పనే నచ్చుతుంది. కానీ మీ మాట వినకుండా తేల్చడం బాగుండదని పిలిచాను.”

అతను కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

“పని బాగా చేస్తుంది సార్, కాదనను. కానీ ఆవిడ ఫైలు ఎవరు తెరిచినా నడుస్తుంది. నన్ను తీసేస్తే నా సగం ఎవడికీ అర్థం కాదు, యంత్రం అక్కడే ఆగిపోతుంది. ఎవరు లేకపోయినా పని జరుగుతుందో మీరే ఆలోచించండి.”

మేనేజర్ అతని మొహంలోకి వింతగా చూశాడు. “సరే, మీ ఇష్టం” అన్నాడు.

సాయంత్రానికల్లా ఆమె చేతికి కాగితం వచ్చింది.

“నా ఫైలు ఎవరు తెరిచినా నడుస్తుందట. అందుకని నేను అక్కర్లేదట,” అంది చదివి. “ఇంత మంచి మాట ఎవరన్నారో?”

అతను ఇంకో పేరులేని స్కెచ్ తెరిచాడు.

ఆమె ఏడవలేదు. మిగిలిన స్కెచ్‌లకి కూడా పేర్లు పెట్టి ఫైలు మూసింది. సొరుగు ఖాళీ చేసి, కుర్చీని బల్ల కిందికి నెట్టింది. అతనికి జాలి వేసింది. బతికిపోయానన్న సంతోషం అంతకంటే ఎక్కువే వేసింది. ఆ సంతోషానికి సిగ్గు కూడా పడలేదు.

కిందికెళ్ళి బండి తీసేసరికి ఆమె సంచీతో వచ్చి, పెళ్ళయిన నాటినుంచీ కూర్చుంటున్నట్టే అతని వెనక సీటు మీద కూర్చుని, “పిల్లలకి నేను చెప్పుకుంటాను, మీరు నోరు విప్పకండి” అంది.